కిలోమీటరుకి పావుగంట చల్లదనం

ఏప్రిల్ 17. బ్యాటరీ 78 శాతం.

ఎదురింటి కుసుమకుమారి ఇవాళ మళ్లీ అడిగింది. "ఏంది హైమక్కా, అంత ఏనుగును తెచ్చి కట్టేశారు, మేపగలుగుతున్నారా?" నవ్వులాటకే అన్నా, అడగాల్సిన ప్రశ్నే అడిగింది. మా కొండవాలు కాలనీలో ఐరావతం, అంటే ఆ పెద్ద కరెంటు కారు, ఉన్న ఇల్లు మాదొక్కటే. కొనాలని నాలుగైదు ఇళ్లవాళ్లు చూస్తున్నారు. అమ్మేవాళ్లు చెప్పే లెక్క ఒకటి, వాడుకుంటే తేలే లెక్క మరొకటి. అందుకని ఈ ఎండాకాలమంతా మా బండి ఏం తిన్నదో, ఇంటికి ఏం మిగిల్చిందో రాస్తాను. కొనబోయేవాళ్లకు పనికొస్తుంది.

మొదటి విషయం. నెలకు ఎన్ని రూపాయలవుతుందని అడగడం దండగ. కాలనీకి కరెంటు తెల్లవారుజామున మూడు గంటలే. ఆ మూడు గంటల్లో బండి ముప్పై మూడు యూనిట్లు ఎక్కించుకుంటుంది. మర్నాటి దాకా ఫ్రిజ్జూ, ఫ్యాన్లూ, గదుల్లో చల్లదనమూ అన్నీ ఆ బండిలోంచి తీగ ద్వారా ఇంట్లోకి రావలసిందే. కాబట్టి అసలు ఖర్చు ఇలా చూడాలి: బండి రోడ్డు మీద ఒక కిలోమీటరు తిరిగితే, ఇంట్లో ఒక గదికి పావుగంట చల్లదనం పోతుంది. మీటరు చూసి చూసి తేల్చిన లెక్క ఇది. ఇదొక్కటి గుర్తుంటే మిగతాదంతా సులువు.

ఇంట్లో నలుగురం. నేను, మావారు శేషగిరి, మా అమ్మాయి లిఖిత, మావారి అక్కయ్య భ్రమరాంబ వదిన. వదిన పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా బస్సు కండక్టరుగా చేసి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చేసింది. లిఖిత నడక నేర్చింది ఆమె వేలు పట్టుకునే. రెండేళ్లుగా వదినకు కిడ్నీలు పనిచెయ్యడం లేదు. వారానికి మూడుసార్లు మాచర్ల వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. లిఖితకు మే ఇరవై ఎనిమిదిన పరీక్ష. అందులో గెలిస్తే పైనున్న చల్లటి ఊళ్లలో సీటు వస్తుంది. ఓడితే ఇక్కడే, మాలాగే.

ఏప్రిల్ 21. 75 శాతం.

బండి తిండి తగ్గించడానికి చేసినవి రాస్తున్నాను.

టైర్లలో గాలి తెల్లారకముందే చూసుకోవాలి. ఎండలో చూస్తే ఎక్కువ చూపిస్తుంది, మోసపోతాం. వేగం డెబ్బై దాటనివ్వకూడదు. మావారు పక్కన ఎవరైనా ఉంటే నూటపది కొడతారు. ఆ తేడా రాత్రి మా పడగ్గదిలో తెలుస్తుంది. వెనక వరస సీట్లు రెండూ విప్పించేశాను, బరువు తగ్గింది. వీపు నొక్కే యంత్రం, సువాసన చల్లే డబ్బా కట్టేశాను. బండి లోపలంతా చల్లబరచడం కన్నా మనిషి కూర్చున్న సీటును మాత్రమే చల్లబరిస్తే మూడోవంతు కూడా ఖర్చు కాదు. వదిన వెళ్లే రోజుల్లో అలాగే పెడుతున్నాను.

మొదటిరోజు దిగి వచ్చి వదిన అంది: "ఏమే హైమా, వీపు చల్లగా, మొహం వేడిగా... ఒకవైపే కాల్చిన దోసెలాగుంది నా పని."

"రెండోవైపు రేపు కాలుస్తాంలే అత్తా" అంది లిఖిత. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

బండి తనంతట తానే నడుపుకుంటూ మాచర్ల పోయి, వదినను దింపి, ఖాళీగా వెనక్కి వస్తుంది. సాయంత్రం డయాలసిస్ కేంద్రం వాళ్ల వ్యాను వదినను మా వీధి మొదట్లో వదులుతుంది. వ్యాను పొద్దున కూడా ఉంది. కానీ మావారు ఒప్పుకోరు. "మా అక్క అక్కడ ఐరావతంలో దిగాల" అంటారు. సాయంత్రం చూసేవాళ్లు తక్కువ కాబట్టి వ్యాను పర్వాలేదు.

ఏప్రిల్ 26. 66 శాతం.

ఈ వారం ఏదో తేడా కొడుతోంది. వదిన వెళ్లిన రోజుల్లో రాత్రి ఎనిమిది కాకుండానే గదుల్లో చల్లదనం ఒక్కసారిగా ఆగిపోతోంది. బ్యాటరీలో ఉన్నా ఇవ్వడం లేదు. లిఖిత తడిగుడ్డ మెడకు చుట్టుకుని చదువుతోంది. చెమట చుక్కలు పడి పలక తెర మీద అంకెలు వాటంతటవే మారిపోతున్నాయని ఏడ్చింది.

బండి తెర మీద వెతికితే ఒక వరస కనిపించింది. 'తిరుగు ప్రయాణానికి పక్కన పెట్టినవి: 13 యూనిట్లు.' ఎవరి తిరుగు ప్రయాణమని అడిగాను.

"భ్రమరాంబగారు పొద్దున గుమ్మంలో పోయొస్తానన్నారు. వస్తానన్నారు కాబట్టి, వారిని తీసుకురావడానికి పక్కన పెట్టాను" అంది బండి. దాని గొంతు చాలా మర్యాదగా ఉంటుంది, మన భాష బాగా నేర్పారు.

ఆమె వ్యానులో వస్తుంది, అది తీసెయ్యి అన్నాను.

"మాట వారిది. వారే మార్చుకోవాలి" అంది.

పెద్దవాళ్లు దారిలో చిక్కుబడకుండా పెట్టిన ఏర్పాటట. అమ్మేవాళ్లు దీని గురించి ఒక్క ముక్క చెప్పరు. మన ఇళ్లలో గడప దాటే ప్రతి మనిషీ 'పోయొస్తా' అనే అంటాడు. రెండు వీధుల అవతలికి వెళ్లినా, తిరిగి రాననుకున్నా అదే మాట. ఆ మాటకు మా ఇంట్లో ఖరీదు ఒక గదికి పదకొండు గంటల చల్లదనం. అర్ధరాత్రి దాటాక గాని బండి దాన్ని వదలదు. అప్పటికి ఎవరికి కావాలి?

ఏప్రిల్ 29. 64 శాతం.

ఇవాళ వదినతో మాట్లాడేశాను. ఆమె చెప్పులు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, "పోయొస్తా హైమా" అనబోతుంటే ఆపాను.

"అట్టా అనమాకండి వదినా. పోతన్నా అనండి, చాలు."

వదిన నా మొహంలోకి చూసింది. "ఏంది?"

"పోతన్నా అనాల. 'వస్తా' అన్నమాట బండి పట్టుకుంటంది. మిమ్మల్ని తీసుకురావాలని యూనిట్లు దాచిపెడతంది. మీరేమో వ్యాన్లో వస్తిరి. అవి ఎవురికీ కాకుండా పోతన్నయ్యి. పిల్ల ఉడికిపోతంది."

"పోతన్నా అంటే అర్థమేందో తెలుసా నీకు? చచ్చినోణ్ణి గదే పోయాడంటాం! నా బస్సులో ఎంతమంది ఎక్కారు, ఒక్కడన్నా ఇంటోళ్లతో పోతన్నా అని ఎక్కాడా? పొలం దగ్గర తన్నుకోను పోయేవాడు కూడా పోయొస్తాననే ఎక్కేవాడు."

మావారు బండి అద్దం తుడుస్తూ, ఇటు తిరగకుండా అన్నారు: "మాటే గదక్కా."

"మాటేరా. టికెట్టు కూడా కాగితమ్ముక్కే. అది లేకపోతే దించేస్తాం."

లోపలి నుంచి లిఖిత దగ్గు వినిపించింది. వదిన ఆ గది తలుపు వంక చూసింది. తర్వాత బండి ముందుకు వెళ్లి నిలబడి, బస్సులో అరిచినట్టు గట్టిగా అంది: "ఏనుగా, విన్నావా? పోతన్నా. ఇంకోసారి చెప్పమంటావా? పోతన్నా. రైట్... రైట్!"

ఈ రాత్రి లిఖిత గది ఆగలేదు. పన్నెండు దాకా చదివింది.

మే 6. 61 శాతం.

బ్యాటరీ పడిపోవడం బాగా తగ్గింది. మరొకటి జరిగింది, కొనేవాళ్లు తెలుసుకోవాలి.

పొద్దున చపాతీ పిండి కలుపుతుంటే వంటింటి తెర మీద బండి అడిగింది. "భ్రమరాంబగారు వరసగా నాలుగుసార్లు తిరిగి వస్తానని చెప్పకుండా వెళ్లారు. వారు ఇప్పుడు వేరేచోట ఉంటున్నారా?" కింద మూడు గడులు. అవును. కాదు. తర్వాత అడుగు.

చేతులకు పిండి ఉంది. మోచేత్తో 'తర్వాత అడుగు' నొక్కాను.

మే 9. 60 శాతం.

మళ్లీ అడిగింది. ఈసారి చేతులు శుభ్రంగానే ఉన్నాయి. 'తర్వాత అడుగు' నొక్కాను.

ఎందుకు నొక్కానో కూడా చెప్పాలి. ఇంటి మనిషి ఉండే గది ముప్పై డిగ్రీలు దాటకుండా చూడాలని బండికి కట్టుబాటు ఉంది. కొన్నేళ్ల కిందట ఇళ్లలోనే వేడికి ముసలివాళ్లు చనిపోయారు కదా, అప్పటి నుంచి పెట్టారు. యజమాని చెప్పినా బండి వినదు. వదిన గది పడమటి వైపు. దాన్ని ముప్పైలో ఉంచడానికి మిగతా రెండు గదులూ కలిపి తినేంత తింటుంది. ఇన్నాళ్లూ ఆ ఖర్చు తగ్గించే దారి నాకు దొరకలేదు.

మే 11. 60 శాతం.

మూడోసారి తెర వెలిగింది. దేన్నీ నొక్కకుండా పప్పు తాలింపు పెట్టాను. దించేసరికి తెర మీద ఇలా ఉంది: 'జవాబు రానందున అవునని భావించాం. ఇంటి మనుషులు: ముగ్గురు.'

నేను అవునని నొక్కలేదు. ఈ తేడా కొనేవాళ్లు గమనించాలి.

మే 12. 63 శాతం.

ఈ ఎండాకాలం మొదలయ్యాక బ్యాటరీ శాతం పెరగడం ఇదే మొదటిసారి.

సాయంత్రం వ్యాను దిగి వదిన వచ్చింది. గడప మీద కాలు పెట్టగానే తలుపు దగ్గరి పెట్టెలోంచి బండి గొంతు పలికింది. "అతిథిగారికి నమస్కారం. బస ఎంతసేపు?"

వదిన వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరన్నా వచ్చారేమోనని. ఎవరూ లేరు. ఆ తర్వాత నన్ను చూసి నవ్వింది.

"ఏందే హైమా, నాకు టికెట్టు కొట్టావా?"

"రాత్రంతా" అన్నాను బండితో. తలుపు తెరుచుకుంది.

ఆమె గది తలుపు తీస్తే పొయ్యి ముందు నిలబడ్డట్టు ఆవిరి కొట్టింది. అతిథికి హాల్లోనే చల్లదనం ఇస్తుంది, అదీ చెప్పిన గడువు దాకా. మావారు గొంతు సవరించుకున్నారు. "సాఫ్ట్‌వేర్ తప్పక్కా అది. వాళ్లకి రాస్తా."

"తప్పయితే సరిచెయ్యరా. ఏం చెయ్యాల్నో చెప్పు, చేస్తా."

చెయ్యాల్సింది ఎంతో లేదు. వదిన బండి ముందు నిలబడి తన పేరు చెప్పాలి. నేను గాని, ఇంట్లో ఇంకెవరన్నా గాని 'ఇంటి మనిషి' అనాలి. అంతే. మావారు నావంక చూశారు.

"పరీక్ష అయిందాకా ఆగుదాం వదినా" అన్నాను. "ఎన్నాళ్లో లేదు. అయిన మర్నాడే మీ పేరు ఎక్కిస్తా. పిల్లకి రాత్రిపూట గది ఆగితే అన్నీ మర్చిపోతంది."

వదిన ఉడికిపోతున్న ఆ గదిలోకి వెళ్లి, దిండూ దుప్పటీ తెచ్చుకుని హాల్లో పరుచుకుంది. పడుకున్నాక కప్పు వంక చూస్తూ అంది: "ఇన్నేళ్లు అందరికీ సీట్లు చూపించాను. ఇప్పుడు నిలబడి పోయే పాసింజర్నయితిని."

మావారు నవ్వారు. నవ్వకపోతే బాగుండేది.

మే 16. 64 శాతం.

లిఖిత తినేటప్పుడు అడిగింది. "అమ్మా, అత్త హాల్లో పడుకుంటే ఎంత పోతది?"

చెప్పాను.

"మనలోంచే పోతదా, అదనంగా ఇస్తదా?"

"మనలోంచే. అతిథికి బండి అదనంగా ఇవ్వదు."

"అంటే అత్త ఉన్న ప్రతి గంటకీ నాకు ఇరవై నిమిషాలు పోతది."

"అందరికీ ఇరవై. నీ ఒక్కదానికే కాదు" అన్నాను. లెక్కల్లో చురుకైన పిల్ల. వదిన అక్కడే కూర్చుని ఉప్పు లేని పెసరకట్టు తాగుతోంది. "దీని బుర్ర చూడవే, చిల్లర కూడా సరిగ్గా ఇచ్చిద్ది" అని మెచ్చుకుంది. లిఖిత నవ్వలేదు. కంచం తీసి కడిగి గదిలోకి వెళ్లిపోయింది.

కుసుమ ఇవాళ మా తెర చూసి ఆశ్చర్యపోయింది. ఐరావతం ఉన్న ఇంట్లో, ఈ ఎండల్లో, ఇంత నిల్వ ఎక్కడా చూడలేదంది. ఎలా చేశావని అడిగితే టైర్ల గాలి గురించి చెప్పాను.

మే 20. 52 శాతం.

ఎరుపు హెచ్చరిక రోజులు మొదలయ్యాయి. కరెంటు గంటకు తగ్గించారు. పగలు బయట తిరగకూడదని చాటింపు. నిన్న ఒక్కరోజే పన్నెండు శాతం పోయింది. బండి ఊరికే నిలబడి ఉన్నా, తన బ్యాటరీని చల్లబరుచుకోవడానికే ఇంట్లో గది తినేంత తింటోంది. పెద్ద బండి కొనేవాళ్లు ఈ ఖర్చును అస్సలు లెక్కలోకి తీసుకోరు. చిన్న బండ్లకు ఇది సగం కూడా ఉండదు. గోనెసంచులు తడిపి బండి కింద పరిచాను, కొంచెం నయం.

ఎరుపు రోజుల్లో బండి నియమాలు కూడా బిగుసుకుంటాయి. అతిథి వస్తే ఇంట్లో ముందు ఎవరి గొంతు వినిపిస్తే ఆ మాటే లెక్క. చెప్పిన గడువు మళ్లీ మార్చడానికి లేదు. గడువు దాటితే, అతిథి బయటికి వెళ్లేదాకా ఆమె ఉన్న గదికి చల్లదనం ఆపేస్తుంది.

మే 22. 31 శాతం.

పొద్దున చీకటితో వదిన మాచర్ల వెళ్లింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. మావారు అందరికీ వినపడేలా పెట్టారు.

"రక్తం కడిగారురా, పని అయిపోయింది. వ్యాను ఇవాళ తియ్యరంట. రేపు కూడా డౌటేనంట. బండి పంపుతావా?"

"పంపుతాక్కా, ఉండు" అని మావారు బండిని అడిగారు.

"అతిథి కోసం వెళ్లి వస్తే బ్యాటరీ ఇరవై శాతానికి దిగుతుంది. దారిలో ఆగవలసి వస్తే ఇంకా కిందికి పోతుంది. ఈ వేడిలో అతిథుల కోసం ఆ ప్రమాదం తీసుకోవడానికి అనుమతి లేదు. మీరు సొంత పూచీ మీద పంపవచ్చు. బ్యాటరీకి హామీ వర్తించదు."

ఇంటి మనిషి అయితే బండి ఇరవై చూడదు, పది చూడదు. అడగకుండానే వెళ్తుంది. మావారికీ అది తెలుసు. "పేరు ఇప్పుడు ఎక్కించలేమా?" అని నన్ను మెల్లగా అడిగారు.

"ఆమె గొంతు బండి ముందు వినపడాల" అన్నాను.

ఫోనులో వదిన ఊపిరి వినిపిస్తోంది. మావారి వేలు తెర మీద 'సొంత పూచీ' అన్న గడి దాకా వెళ్లింది. అక్కడ చాలాసేపు ఉంది. నేనేమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

"అక్కా... ఇరవై కిందికి పోతే బ్యాటరీ దెబ్బతింటదంట. హామీ పోయిద్ది."

"ఓరి నా తండ్రీ, నాకెవడిచ్చాడ్రా హామీ?" అని వదిన పెద్దగా నవ్వింది. నవ్వుతూనే దగ్గింది. "సర్లే. ఈడ హాల్లో పడుకుంటా. నర్సుపిల్ల దుప్పటి ఇస్తానంది. ఫ్యాను కింద చోటుంది. మీరు తిన్నారా?"

తిన్నామని చెప్పారు మావారు. ఫోన్ పెట్టేసి, మెత్తటి గుడ్డ తీసుకుని, నీడలో ఉన్న బండిని ముందు నుంచి వెనక దాకా తుడిచారు. దుమ్మేమీ లేదు.

ఆ రాత్రి ఇంట్లో ముగ్గురమే. గదులు ఎక్కడా ఆగలేదు. లిఖిత పాత ప్రశ్నపత్రం ఒకటి రాసి చూసుకుంది. ఎప్పుడూ రానన్ని మార్కులు వచ్చాయని వచ్చి నా మెడ చుట్టూ చేతులేసింది.

మే 25. 24 శాతం.

ఇవాళ జరిగింది వివరంగా రాస్తున్నాను.

పొద్దున చాటింపు సడలించారు. వ్యాను ఒక్క తిరుగుడు తిప్పుతారని కబురు వచ్చింది. కొందరిని ఇళ్ల దగ్గర దింపి, పదకొండుకి ఇదే దారిలో మాచర్ల వెళ్లి, మళ్లీ ఆగిపోతుంది. తొమ్మిది అవుతుండగా వదిన వచ్చింది. అక్కడ కరెంటు లేక మళ్లీ రక్తం కడగలేదట, మూడు రోజుల్లో మొహం ఉబ్బింది. కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు, వాటిని చేత్తో పట్టుకుని వచ్చింది. వీధి మొదటి నుంచి గుమ్మం దాకా ఉత్త కాళ్లతో ఆ రోడ్డు మీద నడిచింది.

గడప బయటే ఆగింది. లోపలికి రావడానికి తొందరపడలేదు. బండి నిలిపి ఉన్నవైపు తిరిగి, స్పష్టంగా అంది: "కొమ్మూరి భ్రమరాంబ." అని నావంక చూసింది. "ఇప్పుడు నా గొంతు వినపడింది గదా హైమా. ఎక్కించు. ఆ మాచర్ల హాల్లో మూడు రాత్రులు చూశా. ఇంకో మూడంటే నా వల్ల కాదే."

"భ్రమరాంబగారు ఇంటి మనిషా, అతిథా?" అంది బండి.

మావారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నేను లెక్క వేశాను. ఆమె పేరు ఎక్కితే పడమటి గది ముప్పైకి దిగాలి. ఇరవై నాలుగు శాతంతో, గంట కరెంటుతో, మధ్యాహ్నానికల్లా లిఖిత గది ఆగుతుంది. పరీక్ష మూడు రోజుల్లో. 'అతిథి, రాత్రంతా' అనడానికి నోరు తెరిచాను. ఇంటి మనిషి అనేదాన్ని కాను. రాత్రంతా అని మాత్రం తప్పకుండా అనేదాన్ని.

నాకన్నా ముందు లోపలి గదిలోంచి లిఖిత గొంతు వచ్చింది. గట్టిగా, చదువుకుంటూ మధ్యలో చెప్పినట్టు.

"అతిథి. రెండు గంటలు."

"అతిథి. రెండు గంటలు. నమోదైంది" అంది బండి. తలుపు తెరుచుకుంది.

"రెండు గంటలంటే మాటలా? మాచర్ల నుంచి సాగర్ పోయి, టీ తాగి రావచ్చు" అని వదిన లోపలికి వచ్చింది.

నీళ్లు ఎక్కువ తాగకూడదు కదా, నోరు పుక్కిలించి ఉమ్మేసింది. మెత్తగా వండిన అన్నం నాలుగు ముద్దలు తింది. చల్లగాలి లిఖిత గదిలోకే ఎక్కువ వస్తోందని వెళ్లి ఆ పిల్ల మంచం మీద కూర్చుంది. అక్కడ ఏం మాట్లాడుకుంటారోనని నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లిఖిత కాసేపు పలక మీద రాసింది. తర్వాత పలక పక్కన పెట్టి, చిన్నప్పట్లాగే అత్త ఒళ్లో తల పెట్టి పడుకుంది. రాత్రంతా చదివిన పిల్ల. వదిన జుట్టులో వేళ్లు పెట్టి నిమురుతుంటే క్షణంలో నిద్రపోయింది.

పదకొండు కావస్తుంటే మావారు గొడుగు తీసుకుని వీధి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డారు. వ్యాను హారన్ వినిపించింది. గదిలో చల్లగాలి ఆగిపోయింది. "అతిథిగారి బస ముగిసింది" అంది బండి.

వదిన కదల్లేదు. పిల్ల లేస్తుందని కదల్లేదు. రెండు నిమిషాల్లోనే గది వేడెక్కింది. లిఖిత నుదుటి మీద చెమట పట్టింది. కళ్లు తెరవకుండానే మొహం చిట్లించి, చేత్తో అత్త మోకాలు నెట్టింది.

"అత్తా, లే. టైమైపోయింది."

"లేస్తన్నానమ్మా, లేస్తన్నా" అంది వదిన. పిల్ల తలను రెండు చేతుల్లోకి తీసుకుని, నెమ్మదిగా ఎత్తి, దిండు మీద పెట్టింది. మంచం పట్టె పట్టుకుని లేచి, గోడ పట్టుకుంటూ నన్ను దాటి నడిచింది. చెప్పులు చేతిలోకి తీసుకుంది. వీధి గుమ్మం దాటింది.

ఆమె గడప దాటిన మరుక్షణం గదిలో చల్లగాలి మళ్లీ మొదలైంది. లిఖిత నిద్రలోనే దుప్పటి మెడ దాకా లాక్కుంది.